ఆలస్యంగా చేరిన పసుపు కుంకుమలు

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ ఎలా ముగుస్తుందో తెలియకుండా జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో పెరిగిన బిడ్డ ఉండదు. అమ్మమ్మ గొంతు సవరించుకునేలోపే మనకు మంట కనిపిస్తుంది. అడవికి వెళ్ళిన గోపయ్య తిరిగి రాడని తెలుసు. గొడ్లచావడిలో పడి ఉన్న ఆ పిల్ల మళ్ళీ ఇంటి గడప తొక్కదని తెలుసు. అయినా వింటాం. విన్న ప్రతిసారీ, ఈసారైనా ఎవరో ఒకరు ఒక మాట అడ్డం వేస్తారేమోనని, ఎవరో ఒకరు ఒక తలుపు తీస్తారేమోనని కాచుకుని కూర్చుంటాం. ఎవరూ తీయరు. మూడు వందల ఏళ్ళుగా ఆ తలుపు మూసే ఉంది.

మాఘ పౌర్ణమికి ఈ మెట్ట సీమ నిండుగా ఉంటుంది. సంక్రాంతి వెళ్ళి, వడ్లు ఇల్లు చేరి ఉంటాయి. పత్తి చేలల్లో చివరి తీతలు సాగుతుంటాయి. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు ఊళ్ళోకి కొడుతుంటుంది. చేతిలో నాలుగు రూపాయలు, మనసులో కాస్త తీరిక. అప్పుడు మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో పెద్ద తిరునాళ్ళు మొదలవుతాయి. నిండు చంద్రుడి కింద తిరుపతమ్మకూ గోపయ్యకూ కల్యాణం చేస్తారు. ఫాల్గుణంలో చిన్న తిరునాళ్ళు. పొంగళ్ళు పొంగుతాయి, ప్రభలు కదులుతాయి, దీక్ష పట్టినవాళ్ళు కాలినడకన వస్తారు. పంట చేతికొచ్చిన ఆనందమంతా ఆ ఏటి ఒడ్డున గుమిగూడుతుంది. ఆ ఆనందం అడుగున ఒక ఇల్లాలి ఏడుపు ఉంది. ఆ ఏడుపు వినకుండా ఈ పండుగను చూస్తే, సగమే చూసినట్టు.

అనిగండ్లపాడులో కొల్లా శివరామయ్య, రంగమాంబ దంపతులకు చాలాకాలం పిల్లలు లేరు. తిరుపతి వెంకన్నకు మొక్కుకున్నారు. ఆడపిల్ల పుట్టింది. మొక్కు మరిచిపోకుండా తిరుపతమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఎదురుచూసి ఎదురుచూసి కన్న బిడ్డ. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వితే పొద్దు పొడిచినట్టు, అలిగితే పొద్దు గుంకినట్టు ఉండి ఉంటుంది. ఇంత ముద్దుగా పెరిగిన పిల్లకు రాబోయే రోజులు మనకు తెలుసు గనుక, ఆ బాల్యాన్ని తలచుకుంటేనే గొంతు పట్టేస్తుంది. తల్లి కొంగు పట్టుకుని తిరిగిన ఆ కాళ్ళు ఏ దారిన నడవబోతున్నాయో ఆ తల్లికి తెలియదు. మనకు తెలుసు. చెప్పడానికి మాత్రం మూడు శతాబ్దాలు ఆలస్యమైంది.

పెనుగంచిప్రోలు కాకాని వారింటికి ఆమెను కోడలిగా ఇచ్చారు. గోపయ్య మంచివాడు. ఆవులంటే ప్రాణం. భార్యను ప్రేమగా చూసుకున్నాడని కథ చెప్పే ప్రతి నోరూ ఒప్పుకుంటుంది. ఇచ్చిన ఊరు దూరాభారం కూడా కాదు. నేటికీ రెండూ ఒకే మండలంలో ఉన్న ఊళ్ళు, ఒక పూట నడక. కన్నవాళ్ళు ఆ దగ్గరతనాన్ని చూసే మురిసిపోయి ఉంటారు. పిల్ల కళ్ళెదుటే ఉంటుందని, పండక్కీ పబ్బానికీ వచ్చిపోతుందని, కష్టమొస్తే ఇట్టే తెలుస్తుందని అనుకుని ఉంటారు. దూరం నేల మీద కొలిచేది మాత్రమే అయితే వాళ్ళు అనుకున్నట్టే జరిగేది. అత్తింటి గడపకూ పుట్టింటి గడపకూ నడుమ పరువు అనే దూరం ఒకటి ఉంది. దాన్ని ఎంత నడిచినా దాటలేకపోయిన ఆడపిల్లలు మన నేల మీద లెక్కలేనంత మంది.

అత్త వెంగమాంబ. తోడికోడలు చంద్రమ్మ. కథలో ఈ ఇద్దరి పేర్లు వచ్చేసరికి వినే ఆడవాళ్ళు నిట్టూరుస్తారు. కొత్త కోడలి మంచితనం, ఆమెకు దక్కిన మన్నన చంద్రమ్మకు కంటగింపయ్యాయి. అత్త చెవిలో రోజుకొక మాట పడింది. మాట చిన్నదే. పిడికెడు ఉప్పు, గరిటెడు పాలు, వాకిట్లో ఎవరితోనో నవ్విన నవ్వు, ఇలాంటివాటి చుట్టూ తిరిగే మాటలు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎవరి ప్రాణమూ తీయవు. కానీ తడిసిన మట్టిగోడ ఏ చినుకుకు కూలిందో ఎవరూ చెప్పలేనట్టే, ఒక మనసు ఏ మాటకు విరిగిపోయిందో చెప్పలేం. ఆ తొలిరోజుల్లోనే వెంగమాంబ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఊరుకో చంద్రమ్మా, అది మన ఇంటి పిల్ల" అని ఉంటే చాలు. కథ అక్కడే ఆగిపోయేది. తిరునాళ్ళు ఉండేవి కావు. తిరుపతమ్మ నలుగురు పిల్లల తల్లిగా, మనవలకు గోరుముద్దలు తినిపించే ముసలమ్మగా, ఎవరికీ తెలియకుండా హాయిగా కన్నుమూసేది. ఆ అనామకమైన సుఖం ఆమెకు దక్కలేదు.

ఇంతలో కరువు. మెట్ట నేలకు వానే దిక్కు. వాన మొహం చాటేస్తే ముందు గడ్డి ఎండుతుంది, ఆ తరవాత పశువు డొక్క ఎండుతుంది. ఇంటి మందను బతికించుకోవడానికి గోపయ్య ఆవులను తోలుకుని అడవి బాట పట్టాడు. మేతకోసం అలా అడవులకు మందలు తోలడం ఆ కాలంలో కొత్త కాదు. ఒకసారి వెళ్తే నెలల తరబడి వెళ్ళడమే. మళ్ళీ వానలు పడి, ఇంటి దగ్గర పచ్చిక మొలిచేదాకా మనిషి తిరిగి రావడం ఉండదు.

ఆ బయల్దేరిన పొద్దు దగ్గర కథ వినేవాళ్ళ గుండె నిలిచిపోతుంది. గోపయ్య ఆవుల గురించి ఆలోచించాడు. ఏ అడవిలో నీళ్ళున్నాయో, ఏ కొండ పక్క మేత ఉందో ఆలోచించి ఉంటాడు. నోరులేని పశువుకు దప్పిక వేస్తుందని తెలిసిన మనిషి, నోరుండీ విప్పలేని భార్యకు ఇంట్లో ఏమవుతుందో తలచలేదు. వెళ్ళేదారిలో ఆమెను అనిగండ్లపాడులో దింపి వెళ్ళి ఉంటే? ఆమె కంటి తడి చూసి, ఏమిటని నిలబడి అడిగి ఉంటే? అడిగితే ఆమె చెప్పి ఉండేదా? ఇంటి గుట్టు బయటపెట్టకూడదని, మొగుడి మనసు కష్టపెట్టకూడదని నేర్పిన పెంపకం ఆమెది. ఇద్దరూ మంచివాళ్ళే. అతని అమాయకత్వం, ఆమె ఓర్పు, రెండూ కలిసి ఆమె చుట్టూ గోడ కట్టాయి. మంద కదిలింది. మెడగంటల చప్పుడు దూరమైంది. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోవడం అదే ఆఖరు.

అతను వెళ్ళాక ఆరళ్ళకు అడ్డు లేకపోయింది. ఎంత చేసినా చాలని చాకిరీ, చేసినదానికి వంకలు, తిన్నదానికి లెక్కలు. ఆ తరవాత ఆమె ఒంటి మీద మచ్చలు. కుష్ఠు అన్నారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో ఆమెకున్న చోటు పోయింది. పసుపు రాసుకున్న ఒంటిని ముట్టడానికి ఎవరూ రాలేదు. గొడ్లచావడిలోకి నెట్టారు. మంద అడవికి పోగా ఖాళీ అయిన చావడి అది. గోపయ్య ఆవులు కట్టిన రాటల మధ్య గోపయ్య భార్య పడుకుంది.

కుష్ఠు అనే మాటకు అంత భయపడవలసిన పని లేదని ఈ రోజు మనకు తెలుసు. అది సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టింది 1873లో. అంటువ్యాధుల్లో ఇది చాలా మెల్లగా, చాలా అరుదుగా సోకేది. మనుషుల్లో అత్యధికులకు దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంది. 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స వచ్చింది. ఆరు నెలలో, పన్నెండు నెలలో మందు బిళ్ళలు మింగితే నయమైపోతుంది. చావడిలోకి నెట్టిన ఆ ఇంటివారికి ఇది తెలియదు, నిజమే. కానీ తెలిసిన మనం ఏం చేశాం? 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని 2016 దాకా రద్దు చేసుకోలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో, జీవిత భాగస్వామికి కుష్ఠు ఉంటే విడాకులు తీసుకోవచ్చన్న నిబంధన 2019 దాకా అలాగే ఉంది. మందు వచ్చి ముప్పై ఏళ్ళు దాటాక కూడా, ఆ గొడ్లచావడి తలుపు చట్టం పుస్తకంలో తెరిచే ఉంది. వెంగమాంబ ఒక్కదాన్నే తిట్టి మనం చేతులు కడుక్కోలేం.

ఆ చీకట్లోకి వచ్చిన మనిషి ఒకే ఒక్కతె. పాపమాంబ. రక్తసంబంధం లేదు, చుట్టరికం లేదు. ముట్టుకుంటే అంటుకుంటుందని ఊరంతా తప్పుకు తిరుగుతుంటే ఆమె వచ్చి ముట్టుకుంది. కడిగింది, కట్టింది, ముద్ద పెట్టింది, పక్కన కూర్చుంది. తిరుపతమ్మ కథలో అద్భుతాలు చాలా ఉన్నాయి. వాటన్నిటిలోనూ నాకు పెద్దదిగా కనిపించే అద్భుతం ఈ పాపమాంబ చేతులు. ఊళ్ళో ఇంకొక్క జత చేతులు ఆమెకు తోడై ఉంటే ఏమయ్యేదో! ఇద్దరు వస్తే మూడోవాళ్ళకు ధైర్యం వచ్చేది. ముగ్గురు వస్తే అది ఊరి మాట అయ్యేది. ఊరి మాట అనిగండ్లపాడు దాకా నడిచి వెళ్ళేది. శివరామయ్య బండి కట్టుకుని వచ్చేవాడు. ఒక పూట ప్రయాణం. ఎంత చిన్న దారి! ఆ దారిన ఆ బండి రాలేదు.

అక్కడ అడవిలో గోపయ్య. మంద మీదికి పులి వచ్చింది. ఆవులను వదిలి చెట్టెక్కి ప్రాణం దక్కించుకోవచ్చు. వదల్లేదు. ప్రాణంగా పెంచుకున్న జీవాలకు అడ్డం నిలబడ్డాడు, పోరాడాడు, ఆ పోరులోనే నేలకొరిగాడు. కథ అతణ్ణి వీరుడంటుంది. వీరుడే. నోరులేని జీవాలకోసం పులి నోటికి ఎదురెళ్ళిన మనిషి, ఇంటి దగ్గర తన భార్య మీద పడ్డ పగను ఎరగకుండానే పోయాడు. ఎరిగి ఉంటే దానికీ అలాగే అడ్డం నిలబడి ఉండేవాడు. ఈ కథలో అన్నిటికన్నా గుండెను కోసేది ఇదే. ఆమెను కాపాడగల మనిషి లేకపోలేదు. ఉన్నాడు. ఉండవలసిన చోట లేడు.

చావడిలో పడి ఉన్న తిరుపతమ్మకు ఆ కబురు ఎవరూ మోసుకురాకముందే తెలిసిపోయిందంటారు. ఊరి పెద్దలను పిలిపించింది. తను యోగాగ్నిలో లీనమవుతానని చెప్పింది. అప్పుడు వచ్చారు పెద్దలు. ఆమె దప్పికకు రాని పెద్దలు, ఆమె చావుకు వచ్చారు. మంట లేచింది. అందులో ఆమె కలిసిపోయింది. ఆ తరవాత ఆ చోటే పవిత్రమైంది, అక్కడే విగ్రహాలు వెలిశాయని నమ్మిన జనం గుడి కట్టుకున్నారు.

ఆమెను కొలిచే లక్షల మంది భక్తి ముందు తల వంచుతాను. ఆ మంటను మాత్రం పొగడలేను. మన తెలుగు పల్లెల పొలిమేరల్లో పేరంటాళ్ళ గుళ్ళు ఎన్ని ఉన్నాయో! ఒక్కొక్క గుడి కింద ఒక్కొక్క ఆడపిల్ల. 1829లో బెంగాల్‌లో, ఆ మరుసటి ఏడే మన ప్రాంతం ఉన్న మద్రాసు రాజధానిలో సహగమనాన్ని నేరంగా ప్రకటించారు. చట్టం మంటను ఆపగలిగింది. ఆ మంట దాకా తరిమే ఇంటి మాటలను మాత్రం ఆపలేకపోయింది. తిరుపతమ్మను మంట తాకింది ఆఖరి గడియలోనే. అంతకు ఎన్నో నెలల ముందు నుంచే ఆమె కాలుతూ ఉంది.

దుఃఖం పండుగగా మారడం మనకొక్కరికే చెందిన సంగతి కాదు. చైనాలో ఎనిమిదో నెల పున్నమినాడు, ఇంచుమించు మన భాద్రపద పౌర్ణమి వేళకు, పంట చేతికొచ్చిన సంబరంలో చంద్రుడి పండుగ చేసుకుంటారు. దాని వెనక చాంగ్ ఎ అనే ఇల్లాలి గాథ చెబుతారు. ఆకాశంలో పది సూర్యులు మండి లోకం మాడిపోతుంటే, హౌ యి అనే విలుకాడు తొమ్మిదింటిని కూల్చాడు. అతనికి అమృతం దక్కింది. భర్త ఇంట లేని వేళ, శిష్యుడే దుర్మార్గుడై ఆ అమృతం కోసం మీద పడితే, వాడి చేతికి దక్కనీయకుండా చాంగ్ ఎ తానే తాగేసింది. ఒళ్ళు తేలికై, నేల విడిచి, చంద్రుణ్ణి చేరిపోయింది. తిరిగొచ్చిన భర్త వెన్నెల్లో ఆమెకు ఇష్టమైన పళ్ళూ తినుబండారాలూ పెట్టి ఏడ్చాడు. ఊరి జనం అతనితో కలిసి పెట్టారు. ఆ పెట్టడమే పండుగైంది.

అక్కడా భర్త ఇంట లేని వేళే. అక్కడా నిండు చంద్రుడే, పంటల కాలమే. కానీ చాంగ్ ఎ కోసం పళ్ళెం పెట్టింది ఆమెను ప్రేమించినవాడు. తిరుపతమ్మకు అలా పెట్టడానికి గోపయ్య మిగల్లేదు. ఆమెకు పొంగలి పెట్టింది ఊరు. ఆమెకు ముద్ద పెట్టని ఊరు, ఆమె దారి తప్పుకుని నడిచిన ఊరు, ఆమె మూలుగు విని కూడా విననట్టు పడుకున్న ఊరు. అందుకే పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో నాకు సంబరం కింద పశ్చాత్తాపం వినిపిస్తుంది. ఆ తంతులన్నీ ఒక్కసారి వరసగా చూడండి.

జలబిందెలు ఎత్తుతారు. మునేటి నీళ్ళు బిందెలకు నింపి, నెత్తిన పెట్టుకుని, మేళతాళాలతో ఆమె సన్నిధికి తెస్తారు. ఏరు అప్పుడూ ఆ పక్కనే పారింది.

పసుపు కుంకుమల బండ్లు కడతారు. ఆమె పుట్టిన అనిగండ్లపాడు నుంచి, పుట్టింటివారి సారెగా, పసుపూ కుంకుమా వేసుకుని అలంకరించిన బండ్లు పెనుగంచిప్రోలు వస్తాయి. దారి పొడుగునా జనం నిలబడి చూస్తారు. ఆ ఒక పూట దారిన, ఆ రోజు రాని బండి ఏటేటా వస్తూనే ఉంది. ఎన్నిసార్లు వచ్చినా ఆ ఒక్క ఆలస్యం తీరదు. తీరదని తెలిసీ వస్తుంది చూడండి, అక్కడ కళ్ళు చెమరుస్తాయి. ఆడబిడ్డ పోయిందని ఒప్పుకోని మనసు అది. మా పిల్లను మేం మరవలేదని ప్రతి ఏడూ ఆ ఇంటి ముందుకు వచ్చి చెప్పే మనసు.

కల్యాణం చేస్తారు. చివరి చూపుకైనా నోచుకోని ఇద్దరిని మాఘ వెన్నెల్లో పక్కపక్కన కూర్చోబెట్టి, మళ్ళీ తాళి కట్టిస్తారు. ఎవరి గుట్టు దాచడానికి ఆమె నోరు మూసుకుందో, ఎవరి మీద నమ్మకంతో ఆమె ఓర్చుకుందో, ఆ మనిషిని ఆమె పక్కకు చేర్చుతారు.

ఇక రంగులు. రెండేళ్ళకొకసారి అమ్మవారి విగ్రహాన్ని, గోపయ్య విగ్రహాన్ని, తోడి దేవతలనూ ఊరేగింపుగా జగ్గయ్యపేట తీసుకొస్తారు. రంగుల మండపంలో ఉంచి కొత్త రంగులు వేయిస్తారు. తిరుపతమ్మ బతికిన కాలంలో ఈ పేరుతో పట్నమే లేదు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు నిలిపేదాకా ఇది బేతవోలు. ఆమెను ఎరగని ఆ పేట, ఆమెకు ఏ కీడూ తలపెట్టని ఆ పేట, ఆమెను ఇంటి ఆడపడుచులా పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. ఒంటి మీద మచ్చలు చూసి వెలివేసిన మనిషి మోముకు చిత్రకారుడు దగ్గరగా వంగి, వేలి కొనతో, కుంచె కొనతో, పసుపు అద్దుతాడు. చెక్కిలి సవరిస్తాడు. కంటికి కాటుక తీరుస్తాడు. ఎవరూ ముట్టని ఒళ్ళది. తిరుగు ప్రయాణంలో దారి పక్క పల్లెలన్నీ బయటికి వచ్చి, కొత్త వన్నెతో వెలిగే ఆమెను చూసి చేతులు జోడిస్తాయి. ఒక సీమ తన ఇంటి కోడలికి చెప్పుకునే క్షమాపణ ఇంతకంటే ఎలా ఉంటుంది?

1963లో ఈ కథ సినిమాగా వచ్చింది. ఎన్.టి. రామారావు గోపయ్య అయ్యారు, కృష్ణకుమారి తిరుపతమ్మ అయ్యారు. ముగింపు తెలిసిన జనమే టిక్కెట్టు కొని వెళ్ళి మళ్ళీ ఏడ్చి వచ్చారు. ఆ ఏడుపులో దేవత కోసం కార్చిన కన్నీరు ఎంతో, పెళ్ళయి వెళ్ళిన తమ చెల్లెలి కోసం, కూతురి కోసం, తమ కోసం తామే కార్చినది ఎంతో. అత్తింట మాట పడిన ఆడమనిషికి తన కథ చెప్పుకునే చోటు మన ఇళ్ళలో లేదు. తిరుపతమ్మ కథ వింటూ ఏడిస్తే ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగరు. ఆమె గుడి అంత మంది ఆడవాళ్ళకు పుట్టిల్లయింది ఇందుకే.

మహిమలు ఎన్ని చెప్పుకున్నా, మనం నిలబడి తల దించుకోవలసిన చోటు ఆ మంట దగ్గర లేదు. మంటకు ముందు గడిచిన మామూలు రోజుల్లో ఉంది. ఆ రోజుల్లో ఏ దైవమూ దిగి రానక్కర్లేదు. అత్త ఒక మాట ఆపితే సరిపోయేది. తోడికోడలు ఒక పూట ఊరుకుంటే సరిపోయేది. భర్త ఒక ప్రశ్న అడిగితే, పొరుగింటివాళ్ళు ఒక చెంబు నీళ్ళు ఇస్తే, ఎవరో ఒక కుర్రవాడు అనిగండ్లపాడు దాకా పరుగెత్తితే సరిపోయేది. ఇవన్నీ మనుషుల చేతిలో పనులే. చేయలేక చేయనివి కావు. ఇంకొకరు చేస్తారులే అనుకుని చేయనివి.

ఈ ఏడూ మాఘ పౌర్ణమి వస్తుంది. పంట ఇంటికి చేరుతుంది. బండ్లు కడతారు, బిందెలు నింపుతారు, పొంగలి దించుతారు. ఆ రోజు గుడికి వెళ్ళి చేతులు జోడించే ప్రతి తండ్రికీ, ప్రతి అన్నకూ ఇంట్లో ఒక ఫోన్ ఉంది. అందులో ఎప్పుడో ఒకప్పుడు ఒక గొంతు, "నేనిక్కడ ఉండలేకపోతున్నాను నాన్నా" అంటుంది. ఆ మాటకు "సర్దుకుపో తల్లీ" అని బదులివ్వడం తరతరాలుగా మనకు అలవాటు. ఆ బదులు మానుకుని, అప్పటికప్పుడు బండి తీసి, ఆ పిల్ల బతికుండగానే ఆ ఇంటి ముందు నిలబడాలి. తిరుపతమ్మకు మనం బాకీ పడ్డ మొక్కు అదొక్కటే.